నిండుకున్న ఊరు

బత్తెం పడిన 391వ రోజు, బుధవారం

ఏడున్నరకే కుండ ఖాళీ! ఎండ ముదిరింది, నీడకి పోండని చెప్పే ఎర్రగంట మోగడానికి ఇంకా గంటన్నర ఉండగానే నా అంబలి మొత్తం తాగేశారు! కరెంటు తీసే అద్దాల చేలల్లో దుమ్ము తుడిచే పనివాళ్ళు వరస కట్టి మరీ తాగారు. చివర్లో వచ్చిన నలుగురికి గరిటె చూపించి దండం పెట్టాను. ఇక రెండో కుండ పెట్టాల్సిందే.

ముందు పేరు రాయాలట, ఎప్పుడూ మర్చిపోతాను. నేను తవిటమ్మను. గవిరమ్మవలస ఊరి రాతగత్తెను. బత్తెం అందే ప్రతి ఊళ్ళోనూ ఇలా రాసేవాళ్ళు ఒకరుంటారు. డబ్బు నేరుగా మనిషి చేతికే వచ్చాక ఊళ్ళో ఏం మారిందో ఉన్నదున్నట్టు రాసి సర్కారు కచేరీకి పంపడం మా పని. ఈ పని కోసం మా ఊళ్ళో ముగ్గురు మగాళ్ళు నాతో పోటీపడ్డారు. ముగ్గురూ “గౌరవనీయులైన పెద్దలకు కృతజ్ఞతలు” అని మొదలుపెట్టారట. నేను మా అత్త బెల్లం సంగతి రాశాను. నన్నే తీసుకున్నారు!

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఆ సంగతి మళ్ళీ రాస్తాను, నాకు రాయడం ఇష్టం కాబట్టి కూడా. మొట్టమొదటి బత్తెం పడిన వారం మా అత్త పోలమ్మ, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఒక్కతే సంతకు వెళ్ళి కేజీ బెల్లం కొనుక్కుంది. మూడు రోజులు గుమ్మంలో కూర్చుని, ఎవరికీ పెట్టకుండా, తినేసింది. “పెళ్ళయిన కాడ్నుంచి అందరికీ పంచీసి, గిన్నెకంటుకున్నదే నాకినాను. ఇది నాది” అంది. మా ఆయన సన్యాసప్పడు తన కాలికి సరిపోయే చెప్పులు కొన్నాడు. అంతవరకూ ఎవరో ఒకరు విడిచినవే. ఎదురింటి అసిరమ్మ కంటి శుక్లం తీయించుకుని వచ్చి, “ఓలమ్మోలమ్మ, మా ఆయనింత ముసిలోడైపోనాడేటి!” అని లబలబలాడింది. నేను ఆరు నెలలు ఓపిక పట్టి చోళ్ళు విసిరే మర, తోపుడు బండి కొన్నాను. చోళ్ళంటే రాగులే. కచేరీ వాళ్ళు పోయినసారి ‘చోళ్ళు అనగా ఏమి?’ అని అడిగారు.

నెల మొదటి తారీఖున పొద్దున్నే కొంగుకు కట్టుకున్న పూస వెచ్చబడుతుంది. అదే బత్తెం పడిన గుర్తు. ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ ఎవరి పూస వాళ్ళదే. మగాళ్ళు మొలతాడుకు కట్టుకుంటారు. సంతలో కొట్టువాడి పలకకి పూస ఆనిస్తే చాలు. మధ్యలో పెత్తందారు లేడు, సంతకాల వాడు లేడు, “రేపు రా” అనేవాడు లేడు. ఏడాది దాటినా ఆ వెచ్చదనం తగిలినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది!

బుధవారం బుధవారం పూస మాట్లాడుతుంది కూడా. ప్రతి ఇంట్లోనూ అందరికన్నా పెద్దవాళ్ళనే పలకరిస్తుంది. ఈ రోజు కూడా పుస్తకాల తెలుగులో చక్కగా అడిగింది.

“పోలమ్మ గారూ, ఇంట్లో బియ్యం ఎలా ఉన్నాయి?”

“నిండుకున్నాయి తల్లీ.”

“చాలా సంతోషం! ఇంట్లో దీపం వెలుగుతోందా?”

“మొన్న గాలికి కొండెక్కీసినాది.”

“చాలా సంతోషం!”

అత్త పూసను ముద్దుపెట్టుకుంది. “సూడే, ఎంత మరియాదున్న పిల్లో! మంచి మాటకి మంచి మాట అంటాది” అని మెచ్చుకుంది. అసిరమ్మ పుస్తెలతాడు పెరిగితే పసుపు దారం కోసం మా ఇంటికొచ్చి, అదంతా విని ఔనౌనంది.

మాకూ బియ్యం నిండుకున్నాయి. రేపు లక్ష్మివారం, సంత. తెచ్చుకుంటాం.

బత్తెం పడిన 394వ రోజు, శనివారం

తప్పెట్ల మోతలో రాస్తున్నాను, రాత వంకరగా ఉంటే క్షమించాలి. మా ఊరికి పేరొచ్చింది!

పొద్దున్న ఆరింటికి ఊళ్ళో పూసలన్నీ ఒక్కసారి మోగాయి. “అభినందనలు! గవిరమ్మవలస నిండిన ఊరుగా గుర్తింపు పొందింది!” అని పాటలాగా మూడుసార్లు చెప్పాయి. అంతే, ఊరు ఊరంతా వీధిలోకి వచ్చేసింది. తప్పెటగుళ్ళ వాళ్ళు అటక మీది నుంచి తప్పెట్లు దించారు. మా ఆయన పదేళ్ళయింది గుండె మీద తప్పెట కట్టి. సముద్రం గోడ దగ్గర రాళ్ళు మోసి మోసి భుజం పోయిందనేవాడు. ఈ రోజు ఎగిరి ఎగిరి ఆడాడు! చూస్తుంటే నాకు పెళ్ళినాటి మనిషే కనపడ్డాడు. సిగ్గు లేకుండా రాస్తున్నాను, రాతగత్తె ఉన్నదున్నట్టు రాయాలి కదా.

“నిండిన ఊరంటే ఏటి?” అని మా అమ్మాయి మంగవేణి ఒక్కతే అడిగింది. తొమ్మిదో తరగతి, అన్నీ అడుగుతుంది.

“బగుమతిస్తార్లే” అంది అసిరమ్మ. “సల్లబస్సు ఏస్తారేమో.”

అత్త ఈసారి బెల్లం పంచింది. తలకో చిన్న ముక్కే అనుకోండి, కానీ పంచింది.

బత్తెం పడిన 397వ రోజు, మంగళవారం, ఒకటో తారీఖు

పూస వెచ్చబడలేదు.

తెల్లారినప్పటి నుంచీ కొంగు పట్టుకుని కూర్చున్నాను. వీధిలో ఆడవాళ్ళంతా అలాగే, పంటినొప్పి వచ్చిన వాళ్ళలా చెంపకి పూస ఆనించుకుని తిరుగుతున్నారు. అసిరమ్మ తన పూసను పొయ్యి గట్టు మీద పెట్టి, “నాది ఎచ్చబడిందోలే!” అని కేకేసింది. దానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఎనిమిదింటికి పూస పలికింది. “మీ ఊరు నిండింది. పన్నెండు వారాలుగా మీ ఇళ్ళలో ధాన్యం నిండుగా ఉన్నందున, మీ బత్తెం ఈ నెల నుంచి ఆకలి ఉన్న మరో ఊరికి వెళుతుంది. మీ విజయానికి చాలా సంతోషం!”

విజయమట! ఎవరి విజయం? ఎక్కడి నిండు? నా కుండలో మొన్న లక్ష్మివారం తెచ్చిన బియ్యం అడుగున నాలుగు గుప్పెళ్ళున్నాయి, అంతే.

కబురు ఎలా తెలిసిందో, మధ్యాహ్నానికల్లా దాలినాయుడు మేస్త్రి మా ఆయనతో మాట్లాడాడు. వచ్చే వారం, లక్ష్మివారం నాడు బండి తెస్తాడట. ఇంటింటికీ బయానా ఇచ్చి సముద్రం గోడకి తీసుకెళతాడట. తొమ్మిది నెలలు. మా ఊరి పేరులోనే వలస ఉంది. బత్తెం రాకముందు ఏటా పంట కోతలవగానే ఊరు తాళం వేసుకుని పోయేది. సముద్రం ఏటేటా లోపలికి వస్తుంటే, దానికి అడ్డంగా గోడ కడుతూనే ఉన్నారు. రేకుల షెడ్లు, ఉప్పు గాలి, రాళ్ళు. పెద్దలతో పాటు పిల్లలూ మోస్తారు, ఎవరూ మొయ్యమని చెప్పరు, కానీ మోస్తారు. మంగవేణి పన్నెండో ఏట ఎడమచేతి చిటికెనవేలి కొస అక్కడే రాయి కింద పోయింది. బడి రిజిస్టరులో దాని పేరు పక్కన ఏటా ‘వలస’ అని ఎర్ర సిరాతో రాసేవారు. ఈ ఏడాదే మొదటిసారి ఎర్ర సిరా పడలేదు.

నేను మళ్ళీ అక్కడికి వెళ్ళను. నా కూతుర్ని పంపను. ఇది కచేరీకి పంపే రాతలో రాయకూడదేమో. రాశాను.

బత్తెం పడిన 398వ రోజు, బుధవారం

దొరికింది! దొరికింది! ఓరి దేవుడా, దొరికింది!

వరసగా రాస్తాను, లేకపోతే కలగాపులగం అయిపోతుంది. ఊరి నివేదిక కావాలని నిన్న నేను కచేరీని అడిగాను. రాతగత్తెకి ఆ హక్కుంది. పొద్దున్న టపా తెచ్చే మరతూనీగ వచ్చి కాగితం మా గుమ్మంలో పడేసి ఎగిరిపోయింది. మంగవేణి పైకి చదివింది.

“‘అరవై ఇళ్ళలో యాభై ఎనిమిది ఇళ్ళ బియ్యపు నిల్వలు నిండుగా ఉన్నాయి. ఏడు ఇళ్ళ వారు తమ దీపాలను కొండ మీదికి ఎక్కించారు. కొండపై పర్యాటకానికి అవకాశం కలదు. నలుగురు స్త్రీల పుస్తెలతాళ్ళు పెరిగాయి. బంగారం కొనుగోలు చేసినట్టు భావించవచ్చు.’”

“ఏ కొండ?” అన్నాడు మా ఆయన. మా ఊరి చుట్టుపక్కల ఉన్నది ఒక్క గుట్ట. దాని మీద మేకలు తప్ప ఏమీ లేవు.

“అమా, ఆ రెండిళ్ళేటి?” అంది మంగవేణి. “అరవైలో యాభై ఎనిమిది నిండినాయి. రెండు నిండనేదు. అయ్యెవలివి?”

కాగితం వెనక పేర్లున్నాయి. ఒకటి పెళ్ళికాని ముసలాయన రాజులయ్యది. రెండోది తండ్రీకొడుకులిద్దరే ఉండే ఇల్లు. రెండిళ్ళలోనూ ఆడమనిషి లేదు. నేను పరుగున రాజులయ్య దగ్గరికి వెళ్ళి, “మామా, బుధవారం పూస అడిగితే ఏటంటావు?” అన్నాను.

“ఏటంటాను, బియ్యం అయిపోనాయంటాను.”

నేను వీధి మధ్యలో నిలబడిపోయాను. సరిగ్గా అప్పుడే మా ఇంట్లోంచి పూస గొంతు వినపడింది, బుధవారం కదా.

“పోలమ్మ గారూ, ఇంట్లో బియ్యం ఎలా ఉన్నాయి?”

“నిండుకున్నాయి తల్లీ.”

“చాలా సంతోషం!”

లోపలికి వెళ్ళి చూస్తే అత్త ఒక చేత్తో పూస పట్టుకుని, రెండో చేత్తో కుండ అడుగు గీకుతోంది. మంగవేణి పకపకా నవ్వింది. తర్వాత దాని నవ్వు ఆగిపోయింది, ముఖం పాలిపోయింది.

ఆ పిల్లకి, ఆ మర్యాదున్న పిల్లకి, తెలియదు! బియ్యం అయిపోయాయి అనడం ఇంటికి మంచిది కాదని ఆడవాళ్ళం ‘నిండుకున్నాయి’ అంటామని దానికి ఎవరూ చెప్పలేదు. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. పుస్తెలతాడు తెగితే పెరిగిందంటాం. అది అన్నీ నమ్మింది. బుధవారం నాడు ఏ ఇంట్లోనూ బియ్యం ఉండవు, సంత లక్ష్మివారం కాబట్టి. పన్నెండు బుధవారాలు ఊరి ఆడవాళ్ళంతా లేవని చెబుతుంటే, పన్నెండు బుధవారాలు అది నిండుగా ఉన్నాయని రాసుకుంది.

వెంటనే నా పాత రాతలు తీసి చూశాను. ‘బియ్యం నిండుకున్నాయి’ అని నేనే పదకొండు చోట్ల రాశాను! రాతగత్తెనని ఎగిరెగిరి పడ్డాను, నా రాతే నా ఊరి నోట్లో మన్ను కొట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ తాళం ఎక్కడ పడిందో తెలిశాక తాళంచెవి వెతుక్కోవచ్చు.

బత్తెం పడిన 399వ రోజు, లక్ష్మివారం

అభ్యంతరం చెప్పుకోవడానికి దారి ఉంది! పూసనే అడిగాను, అదే చెప్పింది. “సగానికి మించిన ఇళ్ళలోని పెద్దలు, తమ గొంతుతో, ‘బియ్యం లేవు’ అని స్పష్టంగా చెప్పాలి. గడువు వచ్చే బుధవారం.”

ముప్పై ఒక్క ఇళ్ళు. ఇంతేనా! అనుకుని వీధి ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాను. ఆ రెండిళ్ళ మగాళ్ళు తప్ప ఒక్కరంటే ఒక్కరు ఒప్పుకోలేదు.

“లచ్చివారం పూట ఆ మాట అడుగుతావేటే? లచ్చిందేవి గుమ్మంలో ఉంటాది, వినీగల్దు” అని ఒకావిడ తలుపేసుకుంది. ఇంకో ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అసిరమ్మ అత్తగారు మాత్రం ఊరందరి మాటా ఒక్క ముక్కలో చెప్పింది. “ఊరికి పెద్ద మీ పోలమ్మ. మీ అత్త అంటే మేవూ అంటాం.”

అదీ అసలు ముడి. మా అత్త అంటుందా! అన్నం వడ్డించేటప్పుడు కూడా “ఇంక లేదు” అనని మనిషి, “చాలునా నాయినా” అనే మనిషి!

ఇంటికి వస్తే మా ఆయన అటక మీది నుంచి రేకు పెట్టె దించుతున్నాడు.

“ఏటిది?” అన్నాను.

“మేస్త్రి ఒచ్చీవారం ఒస్తాడు. అతగాడు ఎలిపోనాక బత్తెం రాకపోతే రెండూ పోతాయి. బయానా తీసీసుకుందావు.”

“నా అంబలి బండి?”

“అంబలి మీద నలుగురు బతుకుతారేటే?”

“పిల్ల బడి?”

ఆ కొత్త చెప్పు తీసి దాంతోనే పెట్టె మీది దుమ్ము దులిపాడు. కోపం మనిషి కాదు, భయం మనిషి. నాకు కోపమొచ్చింది, జాలీ వేసింది.

బత్తెం పడిన 402వ రోజు, ఆదివారం

మూడు రోజులుగా అత్తను బతిమాలుతున్నాను. బెల్లం కొంటానన్నాను. కాళ్ళు పట్టుకున్నాను. చివరికి అరిచాను కూడా, పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

“ఒక్క మాట అత్తా! రెండక్షరాలు!”

“నా నోటంట రాదు. ఇంటికి పెద్దదాన్ని, ఇల్లు బోడిగా ఉందని నానెలగంతానే? మా అత్త అననేదు, ఆవిడ అత్త అననేదు.”

“అనకపోతే గోడకెళ్ళాలి!”

“ఎల్దావు. ఎల్లనేదా ఇన్నాళ్ళు?”

ఇంతలో మంగవేణి గదిలోంచి వచ్చింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. బడి పుస్తకాలన్నీ దొంతరగా తెచ్చి, రేకు పెట్టెలో అడుగున పేర్చి, వాటి మీద దుప్పటి కప్పింది. షెడ్డులో తడవకుండా అలా అడుగున పెట్టుకోవడం దానికి అలవాటే. మూత వేస్తుంటే చిటికెనవేలి కొస లేని ఆ చేతి మీదే అత్త చూపు నిలిచిపోయింది.

అత్త సాయంత్రం అన్నం తినలేదు. నేను బతిమాలలేదు, నాకూ పంతం ఉంది.

బత్తెం పడిన 405వ రోజు, బుధవారం

ఎక్కడ మొదలుపెట్టను! అబ్బా, ఎక్కడ మొదలుపెట్టను!

పొద్దున్న ఆరింటికే లేచి చూస్తే అత్త తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. “పద, బడికాడికి. ఇంట్లో అన్ను. గుమ్మం బయట అంటాను” అంది.

బడి వరండాలో ఊరి పెద్దవాళ్ళంతా పోగయ్యారు. ఎవరి కొంగులో పూస వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. అందరి కళ్ళూ మా అత్త మీదే. సమయం కాగానే అందరికన్నా ముందు అత్త పూస పలికింది. “పోలమ్మ గారూ, ఇంట్లో బియ్యం ఎలా ఉన్నాయి?”

అత్త కళ్ళు మూసుకుంది. రెండు చెంపలూ వేసుకుంది. అంది.

“నేవు.”

అసిరమ్మ అత్తగారు కళ్ళొత్తుకుంది. అయిపోయింది, గెలిచేశాం అనుకున్నాను.

“క్షమించండి, అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి.”

అత్త నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. అరవయ్యేళ్ళుగా నోటి వెంట రాని మాట, బలవంతాన లాగి బయట పెడితే, మళ్ళీ అనమంటోంది!

“నేవు. బియ్యం నేవు!”

“క్షమించండి. మీరు నేవీ గురించి అడుగుతున్నారా? నౌకాదళంలో చేరడానికి వయోపరిమితి…”

“నానమ్మా, ‘లే’ అనాలి! లేవు, లేవు!” అని మంగవేణి చెవిలో గుసగుసలాడింది.

“ఏటి, అదే కదా అన్నాను! నేవు!” మా వైపు నాలుకకి మాట మొదట్లో ‘లే’ తిరగదు, ముఖ్యంగా అత్త వయసు వాళ్ళకి. ‘నేదు’, ‘నేవు’, ‘నేరు’. పుస్తకాల తెలుగు నేర్చిన పూసకి అది ఎలా తెలుస్తుంది?

“క్షమించండి. మూడుసార్లు ప్రయత్నించినా అర్థం కాలేదు. మిమ్మల్ని కచేరీలోని అధికారికి కలుపుతున్నాను.”

మనిషి! మనిషికి కలుపుతోంది! ఈ ఏడాదిలో పూసలోంచి మనిషి గొంతు మేం ఎవరమూ వినలేదు. చిన్న బీప్ మోగి, ఎవరో అమ్మాయి, నిద్రమొహంతో లేచినట్టున్న గొంతుతో, “చెప్పండమ్మా” అంది.

అది మనిషని అత్తకి తెలియదు. తన మర్యాదున్న పిల్లే అనుకుంది. అంతే, విరుచుకుపడింది.

“ఏటే సెప్పీది! మూడేపులు అనిపించినావు కదే నాసేత! అరవయ్యేళ్ళు కాపరం సేసినాను. కరువులో సేసినాను, గోడకాడ రేకుల కింద సేసినాను. కుండ బోడిగా ఉన్నా ఒక్కనాడూ నేవన్నేదు. నిండుకున్నాయన్నాను. ఎందుకో తెలుసునా నీకు? మాట ముందెల్తే గింజ ఎనకాలొస్తాదని! పిల్లలు ఆకలని ఏడిస్తే అదే సెప్పినాను. అరవయ్యేళ్ళు సెప్పినాను, గింజ రానేదు. మాటొక్కటే తిరిగింది ఇంట్లో. ఈ ఒక్క ఏడు, బుధోరం నిండుకున్నాయంటే, లచ్చివారం సంతకెల్లి తెచ్చుకున్నాం, నిండినాయి! నా మాట నిజవయిపోనాది. సచ్చీలోగా నిజవయిందని ఎంత సంబరపడ్డానో! నిజవయిన మాటకి బత్తెం తీసీసినావు. నా మనవరాలు పుస్తకాలు పెట్టెలో సర్దీసింది. నాసేత నేవనిపించినావు. సిగ్గునేదా నీకు?”

నేను ఆగలేక అత్త కొంగు లాక్కుని, “అమ్మా, నేను ఊరి రాతగత్తెను. బియ్యం నిండుకున్నాయంటే మా దగ్గర…” అని మొదలుపెట్టాను.

“తెలుసు” అంది ఆ అమ్మాయి. నిద్రంతా పోయింది గొంతులోంచి. “మా ఇంట్లోనూ అలాగే అంటారండీ. మా అమ్మ నిన్ననే అంది, ఇంటికొచ్చేటప్పుడు బియ్యం తెమ్మని. పూసకి చెప్పాలని ఇక్కడ ఎవరికీ తట్టలేదు.” కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. “అయ్యో. నిండిన ఊళ్ళని నా ముందు జాబితా ఉంది. నలభై ఒక్క ఊళ్ళు. అన్నీ మీ వైపువే!”

నలభై ఒక్క ఊళ్ళు! ఒక్క మాటకి నలభై ఒక్క ఊళ్ళ పొయ్యిలు!

“పోలమ్మ గారూ, మిగిలినవాళ్ళు ఆ మాట అనక్కర్లేదు. మీరన్నది చాలు. నిలుపుదల ఇప్పుడే తీసేస్తున్నాను. అన్ని ఊళ్ళకీ. ఇక నుంచి ప్రశ్న ఎలా అడగాలో మీరే చెప్పండి.”

అత్త ఇంకా రొప్పుతూనే ఉంది. అప్పటికి ఆవిడకి అర్థమైంది, ఇది వేరే పిల్ల అని. గొంతు తగ్గించింది. “బుధోరం అడక్కు తల్లీ. లచ్చివారం సంతయినాక అడుగు. అప్పుడు కడుపునిండా సెప్తాను.”

అప్పుడు వెచ్చబడింది! నా చేతిలో, అసిరమ్మ చేతిలో, రాజులయ్య మొలతాడులో, వరండాలో ఒకేసారి, కొలిమిలోంచి తీసినట్టు! ఎవరు ముందు కేకేశారో తెలియదు. అసిరమ్మ నన్ను ఎత్తేసింది, నేనేమీ తేలిక మనిషిని కాదు. ఎర్రగంట మోగినా ఎవరూ నీడకి పోలేదు, బడి పంతులమ్మ వచ్చి తిట్టి పంపేదాకా.

ఇంటికొచ్చి చూస్తే మా ఆయన రేకు పెట్టె మళ్ళీ అటక ఎక్కిస్తున్నాడు. పుస్తకాలు తీయడం మర్చిపోయి ఎక్కించాడు. మంగవేణి నిచ్చెన తెప్పించి మళ్ళీ దింపించింది. తండ్రిని పట్టుకుని ఎంత వెక్కిరించిందో!

బత్తెం పడిన 406వ రోజు, లక్ష్మివారం

రెండో కుండ కూడా ఎనిమిదికే ఖాళీ! మా ఆయన గరిటె పట్టాడు. ఒలకబోశాడు, ఎక్కువ పోశాడు, డబ్బు తీసుకోవడం మర్చిపోయాడు. నేర్చుకుంటాడు.

సంతకెళ్ళి బియ్యం తెచ్చి కుండలో పోసి వచ్చేసరికి వీధిలో పొడుగాటి బండి ఆగి ఉంది. దాలినాయుడు మేస్త్రి వచ్చాడు. మాట ప్రకారం వచ్చాడు, ఆ మాత్రం మనిషే. ఇంటింటి ముందూ ఆగి, పలక తీసి, బయానా చూపిస్తున్నాడు. ఒక్కో గుమ్మంలోంచి నవ్వే వినపడుతోంది. చివరికి మా ఇంటికొచ్చాడు. అత్త గుమ్మంలో కూర్చుని ఉంది, బుగ్గలో బెల్లం ముక్క.

“ఏటి పోలమ్మత్తా” అన్నాడు, “ఈ ఏడు మీ ఇంట్లోంచి ఎంతమంది మడుసులు?”

అత్త బెల్లం ఒక బుగ్గలోంచి రెండో బుగ్గలోకి మార్చుకుంది. లోపల మంగవేణి పరీక్షకి పైకి చదువుకుంటోంది, మా ఆయన రేపటికి కుండలు కడుగుతున్నాడు, నేను బియ్యం సంచి దులుపుతున్నాను. మేస్త్రి మెడ సాచి అందరినీ చూశాడు.

“నిండుకున్నార్రా నాయినా” అంది అత్త.

దాలినాయుడు ఈ వైపు మనిషే. పలక జేబులో పెట్టుకున్నాడు.

“ఒక్కరూ నేరంటావు.”

“ఆ మాట నానెప్పుడన్నాన్రా?” అంది అత్త. “నిండుకున్నారన్నాను.”